మూడో స్కాన్ దాకా

ఆమె పోయిందన్న సంగతి చెప్పడానికి, స్కూల్లో ఆమెతో కలిసి పనిచేసిన టీచరు ఒకావిడ ఫోన్ చేసింది. నేను బహ్రెయిన్‌లో, మనామాలోని మా ఆఫీసులో ఉన్నాను. రేవు నుంచి రావలసిన సరుకు ఎందుకు రాలేదో ఎవరికో సంజాయిషీ చెప్పుకుని అప్పుడే కుర్చీలో వెనక్కి వాలాను. ఇలాంటి కబురు వింటే ఎవరైనా ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని అడుగుతారు. నేను మాత్రం, "తలలోదా?" అని అడిగాను.

"కాదండీ, గుండె. హనుమకొండలో, వాళ్ళింట్లోనే. పొద్దున్నే టీ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట."

హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకే ఒళ్ళు మండింది. మనిషి పోయిందంటే హమ్మయ్య ఏమిటి, బుద్ధి ఉండక్కర్లా. ఆ తర్వాత ఏడుపొచ్చింది. పక్క టేబులు దగ్గరుండే కేరళ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఎవరు పోయారని అడిగింది. మా అక్క అని చెప్పాను. నిజానికి ఆమె నాకు బంధువు కాదు, మా ఊరు కాదు, మా జిల్లా కూడా కాదు. నాది కాకినాడ, ఆమెది హనుమకొండ. మమ్మల్నిద్దరినీ కలిపినవి మా తలల్లో ఉన్న గడ్డలు.

చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం మీద గడ్డ. నాకు కుడివైపు, ఆమెకు ఎడమవైపు. క్యాన్సర్ కాదని డాక్టర్లు ముందుగా చెప్తారు, ఏదో బహుమతి చేతిలో పెడుతున్నట్టు. నిజమే, కాదు. ఒంట్లో ఇంకెక్కడికీ పాకదు. ఉన్నచోటే ఉండి నెమ్మదిగా పెరుగుతుంది. ముందు ఆ చెవి వినికిడి పోతుంది, తల తిప్పుతుంది, ఇంకా పెరిగితే మెదడును నొక్కుతుంది. ముఖాన్ని కదిలించే నరం కూడా దాన్ని ఆనుకునే వెళ్తుంది కాబట్టి, కత్తి పెట్టి తీసేస్తే మూతి వంకర పోయే ప్రమాదం ఉంది. అందుకని మా ఇద్దరికీ హైదరాబాదులో రేడియేషన్ ఇచ్చారు. తల కదలకుండా బిగించి, కిరణాలన్నీ ఆ గడ్డ ఒక్కదాని మీదే పడేలా చేసి, ఒక్క పూటలో ముగించి ఇంటికి పంపేశారు. కోత లేదు, కుట్టు లేదు. చుట్టాలందరూ ఇక బాగైపోయింది పో అన్నారు. అసలు భయం అప్పుడే మొదలవుతుందని వాళ్ళకు ఎవరు చెప్తారు. గడ్డ లోపలే ఉంటుంది. చచ్చిందో బతికుందో తెలియాలంటే స్కాన్లు తీయించుకుంటూ పోవాలి.

నా మొదటి స్కాన్ రేడియేషన్‌కు ముందు హైదరాబాదులోనే అయింది. రెండోది ఆరు నెలలు ఆగి బహ్రెయిన్‌లో తీయించుకోమన్నారు. ఆ రెండోదానికి వెళ్ళిన రోజే ఆమెను మొదటిసారి చూశాను. ఆసుపత్రి హాల్లో కూర్చుని మా ఆయనతో ఫోన్‌లో, "ఏవండీ, భయమేస్తోందండీ" అంటున్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే కుడిపక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. నేత చీర, దాని మీద స్వెట్టరు, ఒళ్ళో పెద్ద సంచీ. నావైపు చూసి పెదాలు కదుపుతోంది. నాకేమీ వినపడలేదు. ఏమిటండీ అన్నాను. ఆమెకూ వినపడినట్టు లేదు. మళ్ళీ ఏదో అంది. మళ్ళీ ఏమిటండీ అన్నాను. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడామె లేచి, నా ముందునుంచి తిరిగి వచ్చి, ఎడమపక్క కుర్చీలో కూర్చుంది.

"నీది కుడి చెవా?" అంది.

తలూపాను.

"నాది ఎడమది. మనం గీ దిక్కు కూసుంటెనే మాట్లాడుకునుడు. ఆ దిక్కు కూసుంటె ఇద్దరం చెవిటోళ్లమే. ఎన్నో స్కాన్ నీకు?"

"రెండోదండీ. మీకు?"

"మూడోది" అంది.

అడక్కుండానే పాఠం మొదలుపెట్టింది. లెక్కల టీచరట, ఇక్కడి ఇండియన్ స్కూల్లో ఏళ్ళ తరబడి చెప్తోందట. గొట్టంలోకి పంపాక కళ్ళు మూసుకుంటే లాభం లేదు, బల్ల మీద పడుకోగానే మూసుకోవాలి. లోపల చెవులు పగిలే చప్పుడు వస్తుంది, దాన్ని వినకూడదు, పదిహేడో ఎక్కం చదువుకోవాలి. రెండో ఎక్కం, అయిదో ఎక్కం పనికిరావు, నోటికి వచ్చినవి చదువుతుంటే భయం పక్కనే కూర్చుంటుంది. పదిహేడోదైతే బుర్ర మొత్తం దాని మీదే పెట్టాలి. నేను నవ్వాను. లోపలికి పిలిచినప్పుడు ఆమె, "ఈ అమ్మాయిని ముందుగ పంపుండ్రి, భయపడ్తున్నది" అని హిందీలో ఆ స్కాన్ చేసే అతనికి చెప్పింది. లోపల పడుకుని నిజంగానే పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. పదిహేడు ఎనిమిదుల దగ్గర చిక్కుపడి, తప్పా ఒప్పా అని కొట్టుకుంటూ ఉండగా బల్ల బయటికి వచ్చేసింది. 

బయటికొస్తే ఆమె అదే కుర్చీలో నాకోసం కూర్చునుంది. "మీదైపోయిందా?" అని అడిగాను. "ఖలాస్" అని లేచింది. "పా, నిన్ను ఇంటికాడ దింపుత."

బండి ఎప్పుడూ తనే నడిపేది, ఎవరికీ ఇచ్చేది కాదు. దానికో లెక్కుంది. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి, నడిపేటప్పుడు పక్క సీట్లో మనిషి ఆమె మంచి చెవి వైపుంటారు. ఆ పక్క సీట్లో నేను కూర్చుంటే నా మంచి చెవి ఆమె వైపుంటుంది. "మనిద్దరం కలిస్తె ఒక పూర తలకాయ" అనేది. అదే హైదరాబాదు వెళ్తే స్టీరింగ్ ముట్టేది కాదట. డ్రైవరు పక్క సీటు కోసం ఎంత పెద్దవాళ్ళనైనా వెనక్కి పంపేదట. దేశం మారితే సీటు మారాలని ఆమె సిద్ధాంతం.

ఇంకో అలవాటుండేది, దానికి మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చేది. ఎవరేమన్నా "దేనికంటె?" అని అడిగేది. ఇవాళ ఎండ మండిపోతోందక్కా అంటే, "దేనికంటె? నిన్నటికంటెనా, పోయిన జూన్‌కంటెనా?" ఈ ఏడు సాంబారు పొడి బాగా కుదిరిందంటే, "దేనికంటె?" ఒకసారి మా ఆయన మర్యాదకు, "మీరు కొంచెం చిక్కినట్టున్నారండీ" అన్నాడు. "దేనికంటె సార్? మీరు నన్ను చూసుడు ఇదే మొదటిసారి గదా" అంది. ఎక్కువ, తక్కువ, పెద్ద, చిన్న అనే మాటలు ఒంటరిగా తిరగకూడదని ఆమె పట్టుదల. పక్కన తోడు ఉండాలి వాటికి.

నా రెండో స్కాన్ రిపోర్టు వచ్చింది. గడ్డ మునుపటికంటే పెరిగిందని రాసుంది. మధ్యలో రంగు మందు పట్టలేదని కూడా ఉంది. ఆ రెండో మాట నాకూ మా ఆయనకూ అర్థం కాలేదు, మొదటి మాట దగ్గరే ఆగిపోయాం. ఆ సాయంత్రం ఆయన హైదరాబాదు ఫిల్మునూ ఇక్కడి ఫిల్మునూ బాల్కనీ అద్దానికి పక్కపక్కన టేపుతో అతికించాడు. హైదరాబాదు దాంట్లో గడ్డ తెల్లటి చిక్కుడు గింజలా ఉంది. ఇక్కడిదాంట్లో లావెక్కి, మధ్యలో నల్లగా, అచ్చం గారెలా ఉంది. మా ఆయన కట్టడాల కంపెనీలో డ్రాయింగులు చూసి ఎంత ఇటుక, ఎంత ఇనుము పడుతుందో లెక్కగట్టే మనిషి. తన స్కేలు తెచ్చి రెండింటినీ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "రెట్టింపైంది" అని సోఫాలో కూలబడ్డాడు. ఇక్కడి సర్జన్‌కు చూపిస్తే, పెరుగుతున్నట్టుంది, తీసేయడం గురించి ఆలోచించండి అన్నాడు. మా ఆయన హైదరాబాదు టిక్కెట్లు వెతకడం మొదలుపెట్టాడు. నేను అద్దం ముందుకు పోయి నవ్వి చూసుకున్నాను. ఈ నవ్వు ఇంకెన్నాళ్ళు అనుకున్నాను.

ఫోన్ చేస్తే ఆమె స్కూలు నుంచి సరాసరి మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పి, అద్దం దగ్గరకెళ్ళి, కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసింది. 

"రెట్టింపు అని ఎవలన్నరు?"

"నేనే కొలిచానండీ" అన్నాడు మా ఆయన.

"రెండు ఫిల్ముల స్కేలు ఒక్కటేనా సార్?"

ఫిల్ము అంచున చిన్న గీత ఉంటుంది, మ్యాపు కింద ఉన్నట్టు. ఆ గీత ఒకదాంట్లో పొట్టిగా, ఒకదాంట్లో పొడుగ్గా ఉంది. ఇక్కడివాళ్ళు బొమ్మను పెద్దది చేసి అచ్చువేశారు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవొద్దు, స్కేలు మారుతుంది అని ఆఫీసులో కుర్రాళ్ళను రోజూ తిట్టే మనిషే ఆయన. పెళ్ళాం తల అనేసరికి ఆ తిట్లన్నీ మర్చిపోయాడు. లెక్క సరిచేసి మళ్ళీ చూస్తే రెట్టింపు కాదు, కొంచెం పెరిగింది. ముగ్గురం పగలబడి నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగింది. కొంచెం పెరిగినా పెరిగినట్టే కదా.

ఆమె నన్ను కిందికి తీసుకెళ్ళింది. బండి బానెట్ మీద దుమ్ము పేరుకుని ఉంది, ఇక్కడ బండ్లన్నిటి మీదా ఉండేదే. దాని మీద వేలితో ఒక చుక్క పెట్టింది, కొంచెం పైన ఇంకో చుక్క పెట్టింది. 

"ఇది నీ మొదటి స్కాన్, ఇది రెండోది. రెండు చుక్కలు కలిపితే ఏమొస్తది? గీత. గీత ఎటు పోతది? మీదికే పోతది, ఆకాశం దాక. నువ్వు, మీ ఆయన, గా సర్జను ముగ్గురు గీతనే చూస్తున్నరు. మూడో చుక్క పెట్టినంకనే గదా అది గీతనా, వంపా తెలిసేది." అని రెండో చుక్కకు అవతల, కిందికి, మూడోది పెట్టి, మూడింటినీ కలుపుతూ గుట్టలాంటి వంపు గీసింది. "కిరణాలు తగిలినంక గడ్డ ముందుగాల వాస్తదంట. నడిమిట్ల నల్లగైందంటె ఆడికి నెత్తురు పోతలేదన్నట్టు. అది మంచికే కావచ్చు. హైదరాబాద్ డాక్టర్ను అడుగు, నేను చెప్పుడు కాదు."

హైదరాబాదు డాక్టరు వీడియోలో ఇంచుమించు అవే మాటలు అన్నాడు. వాపు కావచ్చు, గడ్డ నిజంగానే పెరుగుతూ ఉండొచ్చు, ఇప్పుడే చెప్పలేం, ఇంకో ఆరు నెలలు ఆగి చూద్దాం. ముఖం తిమ్మిరెక్కినా, నడక తూలినా వెంటనే రండి. ఇటు సర్జను తీసేద్దామంటాడు, అటు ఆయన ఆగుదామంటాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ నా మంచికే చెప్తున్నారు. ముఖం నాది. ఆగితే గడ్డ మెదడు మీద పడుతుందేమో, తీయిస్తే మూతి పోతుందేమో. ఏది ఎంచుకున్నా రేపు నన్ను నేను తిట్టుకునేలాగే ఉంది.

ఆగాను. ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు, రోజూ కొత్తగా భయపడడం. పొద్దున్నే ఆమె ఫోన్ చేసేది. పలకరింపు ఉండదు. "బుగ్గలు పూరించినవా?" అని అడిగేది. అద్దం ముందు బుగ్గలు నిండా గాలి పట్టి, రెండువైపులా ఒకేలా ఉబ్బాయో లేదో చూసుకుని చెప్పాలి. "ఈల ఏసినవా?" నాకు ఈల వేయడం రాదు మొర్రో అంటే, "రాకుంటె రాలే, మూతి ముందుకొచ్చిందా లేదా?" అనేది. సెలవు రోజుల్లో సాయంత్రం అరాద్‌కు తీసుకెళ్ళేది. సముద్రం పక్కన నడిచే దారి ఉంది, పలకల మధ్య తిన్నగా గీత ఉంటుంది. ఆ గీత మీద మడమకు వేలు ఆనించి నడవమనేది, తూలుతున్నానేమో చూడడానికి. నాకు సిగ్గని తనూ నా వెనకాల అలాగే నడిచేది. చీరలు ఎత్తి పట్టుకుని, చేతులు చాపి, ఒకరి వెనక ఒకరు అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే చూసేవాళ్ళు ఏమనుకునేవారో. గాలం వేసుకుని కూర్చున్న ఒక ముసలి అరబ్బాయన ప్రతిసారీ మమ్మల్ని చూసి చూసి, ఒకరోజు నేను తూలి ఆగితే, "యల్లా, యల్లా" అని, కానివ్వండి కానివ్వండి అన్నట్టు చేయూపాడు. ఆమె ఆయనకు వంగి సలాం కొట్టింది. 

ఒకరోజు ఆఫీసులో కుర్చీలోంచి లేవగానే గది గిర్రున తిరిగింది. ఇక నావల్ల కాదనుకున్నాను. ఆపరేషన్ చేయించేసుకుంటానని ఇంట్లో చెప్పేశాను. మా ఆయన టిక్కెట్లు తీసేశాడు. ఆ సాయంత్రం ఆమె వచ్చి మా బిల్డింగ్ కింద నిలబడింది.

"పోతె పో. నేను వద్దనను. డాక్టర్‌ను ఒక్క మాట అడిగి పో. ఈ నెల చేయకుంట ఆగితె ఏం నష్టమని అడుగు."

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. మూడో స్కాన్ దాటిన మనిషి ఇంత నిబ్బరంగా ఉందంటే ఆమెది తగ్గిపోయే ఉంటుందని నా లెక్క. "మీకేం అక్కా, ఎన్నైనా చెప్తారు. మీది తగ్గిపోయింది. గండం గడిచినవాళ్ళకు ధైర్యం చెప్పడం తేలికే" అన్నాను. 

ఆమె బానెట్ మీద దుమ్ములో వేలు పెట్టి ఏదో గీయబోయి, అరచేత్తో మొత్తం తుడిచేసి, కొంగుకు చేయి రుద్దుకుని వెళ్ళిపోయింది. మరీ అంత మాట అన్నానా అని నాకు రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే మళ్ళీ మామూలుగా, "బుగ్గలు పూరించినవా?" అని ఫోన్ వచ్చింది. హైదరాబాదు డాక్టరును ఆ ఒక్క మాటా అడిగాను. తల తిరగడం ఈ వాపులో మామూలే, ముఖం బాగుంది కాబట్టి మూడో స్కాన్ దాకా ఆగడం వల్ల పెద్ద నష్టం లేదన్నాడు. టిక్కెట్లు రద్దు చేశాం.

మూడో స్కాన్ రోజు ఆమె సెలవు పెట్టి నాతో వచ్చింది. లోపల పదిహేడో ఎక్కం కాదు కదా, నా పేరు కూడా గుర్తు రాలేదు. రిపోర్టు తీసుకుని డాక్టరు గదిలోకి నేను, మా ఆయన వెళ్ళాం. బయటికొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది, సంచీని రెండు చేతులా పట్టుకుని.

"తగ్గిందక్కా."

"దేనికంటె?"

ఈసారి నాకు చిరాకు రాలేదు. "రెండోదానికంటే తగ్గింది. మొదటిదానికంటే ఇంకా కొంచెం పెద్దదే. లోపల నలుపు ఎక్కువైంది. వాపు దిగుతోందట, గడ్డ పెరగడం లేదట. ఆపరేషన్ అక్కర్లేదన్నారు."

ఆమె కళ్ళు మూసుకుని, గోడకు తల ఆనించింది. మా ఆయన ఆఫీసుకు పోయాడు. ఆమె నన్ను ఇంటి దగ్గర దింపుతానని బండెక్కించింది. తాళం చెవి పెట్టింది గానీ తిప్పలేకపోయింది.

"అయితె దిగుతదన్నట్టు" అంది.

"దిగుతుందని మీరే కదా అక్కా ఇన్నాళ్ళూ చెప్పారు."

"చెప్పిన." స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూస్తూ అంది. "నేను చూడలేదు చెల్లె. నాది రెండోదే ఆఖరు. నీకంటె ఎక్కువ వాసింది నాది. నువ్వు కనపడ్డ రోజు మూడోదానికనే వచ్చిన. నిన్ను లోపలికి పంపి, వాళ్లతోని ఇంకో రోజు వస్త అని చెప్పి అట్లనే కూసున్న. గా ఇంకో రోజు మల్ల రాలే."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది. "అంటే మీకు తెలియకుండానే నన్ను ఆపారా? నాది పెరిగి ఉంటే? నా ముఖం ఏమైపోయేది, నేనేమైపోయేదాన్ని?"

"నేను నిన్ను ఏమని ఆపిన? డాక్టర్లు ఆగుమన్నరు, గదే చెప్పిన. నా సొంత మాట ఒక్కటి లేదు అండ్ల. వాళ్లు మెల్లగ చెప్పిన్రు, నేను గట్టిగ చెప్పిన, అంతే." తాళం చెవి బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుంది. "నీది పెరిగితె ఏమని మొకం చూపియ్యాలె అని ఈ ఆర్నెల్లు నాకు నిద్ర లేదు. నీ బుగ్గలు అడిగినప్పుడల్ల ముందుగాల నా బుగ్గలు చూసుకునేదాన్ని."

కోపం ఎటు పోయిందో తెలియదు. మరి మీరెందుకు తీయించుకోలేదక్కా అని అడిగాను. భర్త సంగతి చెప్పింది. ఆయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రెండో రిపోర్టు చూసి అన్నం మానేశాడట, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందట. అందుకని కొన్నాళ్ళకు, మళ్ళీ చూపించుకున్నాను, తగ్గిపోయింది అని ఆయనకు చెప్పేసిందట. ఆయన సత్యనారాయణ వ్రతం కూడా చేయించాడట. "మంచిగైనంక మల్ల స్కాన్ ఎందుకంటడని ఒకటి. నిజంగ పోతె ఏమి కనపడ్తదో అని ఇంకొకటి. అబద్ధం నిజమైతదేమో అని చూస్తున్న" అంది.

ఆ బండిని అక్కణ్ణుంచి కదలనివ్వలేదు. ఆమెను దింపి, లోపలికి తీసుకుపోయి, ఆమె చేయి పట్టుకునే అపాయింట్‌మెంట్ రాయించాను. వచ్చే వారానికి ఇచ్చారు. ఆ వారమంతా నేనే పొద్దున్నే ఫోన్ చేసి, బుగ్గలు పూరించారా అని అడిగాను. ఆమె సరిగా మాట్లాడేది కాదు. స్కాన్ రోజు బల్ల మీద పడుకునే ముందు, స్వెట్టరు నా చేతికిచ్చి, "పదిహేడోది మర్చిపోయిన, పంతొమ్మిదోది సదువుత" అంది. నేను హాల్లో కూర్చుని నాకొచ్చిన దేవుళ్ళందరినీ తలచుకున్నాను. నా స్కాన్‌కు కూడా అంత భయపడలేదు.

డాక్టరు గదిలో రెండు కుర్చీలున్నాయి. ఎక్కడికెళ్ళినా ముందు ఎవరెటువైపు కూర్చోవాలో తేల్చేదాకా ఊరుకోని మనిషి, ఆ రోజు నేరుగా వెళ్ళి, తన వినపడని చెవి డాక్టరు వైపు వచ్చేలా కూర్చుంది. కుర్చీ మార్చుకుందామని నేను చేయి పట్టుకుంటే విదిలించుకుంది. "నువ్వు విను. నాకు బయట చెప్పు" అంది. డాక్టరు తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్తున్నంతసేపూ ఆమె నేల చూస్తూ తల ఊపుతూ ఉంది. ఒక్క ముక్క కూడా వినలేదు.

బయట కారిడార్‌లో ఆగింది. "చెప్పు."

"వాపు దిగిపోయిందక్కా. ఇంచుమించు మొదట ఉన్నంతే ఉంది. పెరగడం లేదు. ఇక ఏడాదికోసారి చాలన్నారు."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాను. అప్పుడు కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి ఫోన్ తీసి, భర్త నంబరు దాకా పోయి ఆగిపోయింది. ఫోన్ వంకే చూస్తూ నిలబడింది. 

"ఏమని చెప్పాలె? ఇంట్ల ఇది ఎప్పుడో తగ్గింది" అంది.

ఫోన్ లోపల పెట్టేసింది. ఆ ముఖం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళ భయం దిగిపోయిన రోజు మనిషికి చెప్పుకోవడానికి ఇల్లు లేకుండా పోయింది. దారిలో కఫెటేరియా ముందు బండి ఆపి హారన్ కొట్టింది. ఇక్కడ బండిలోకే టీ తెచ్చిస్తారు. కప్పులు చేతికొచ్చాక, "అక్కా, నాకు చెప్పండి" అన్నాను.

"నీకేం చెప్పాలె, నువ్వే గదా నాకు చెప్పినవ్."

"నాకేమీ తెలియదు. ఇప్పుడే ఇంటికొచ్చిన మీ ఆయన్ననుకోండి. చెప్పండి."

ఆమె నావైపు తిరిగింది. "ఏమయ్యా, నాది తగ్గిందంటయ్యా" అంది. "అవునా, ఎంత చల్లని మాట చెప్పావే" అన్నాను. ఆమె నవ్వింది, ఏడ్చింది, టీ చీర మీద ఒలకబోసుకుంది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ నేను మొదటిసారి విన్నట్టే విన్నాను. టీ కప్పులు తీసుకుపోవడానికి వచ్చినతను మమ్మల్ని చూసి, కాసేపాగి వస్తానన్నట్టు వెనక్కి పోయాడు.

తర్వాత ఏటా ఇద్దరం ఒకేరోజు తీయించుకునేవాళ్ళం. ఆమె ఇంట్లో ఏదో చుట్టాలింటికి పోతున్నానని చెప్పి వచ్చేది. రిటైరై హనుమకొండ వెళ్ళిపోయాక కూడా, అక్కడెక్కడో తీయించుకుని, రిపోర్టు నాకు పంపేది. కింద ఒకే మాట రాసేది, దేనికంటే ఎంతో.

నిన్న ఆమె భర్తకు ఫోన్ చేశాను. నేను ఆయనను బావగారూ అంటాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. వంట సంగతి, టీ సంగతి, ఆమె పోయాక ఒక పొద్దున ఎవరో తలుపు కొడితే, లేదన్నది మర్చిపోయి, తీయమని చెప్పడానికి లేపబోయిన సంగతి. మధ్యలో ఆగి, "ఒక్కటే తృప్తి నాకు. గా తలలది ఎప్పుడో మాయమైంది చూడు. దాని తిప్పలు ఏం పడలే ఆమె. ఎన్నడు భయమన్న మాట అనలే" అన్నాడు.

"అవును బావగారూ. ఎప్పుడో తగ్గిపోయింది" అన్నాను.

"నీకు ఇంక ఉన్నదంటగదమ్మా. మల్ల ఎప్పుడు స్కాన్?"

"వచ్చే నెలండీ."

"భయపడకు బిడ్డా. నీకు గూడ అట్లనే పోతది. ఆమెను చూసి ధైర్యం తెచ్చుకో."

"ఆమెను చూసే తెచ్చుకున్నాను బావగారూ" అన్నాను.